గేదె మీది పిల్లాడు

నా గొడవంతా ఒక గేదె దగ్గర మొదలైంది. ఆ గేదె టెక్సాస్‌ది కాదు, ఆంధ్రాదీ కాదు. ఎన్నో వందల ఏళ్ల కిందట చైనాలో ఎవరో కవి చూసిన గేదె. దాని మీద ఒక పిల్లాడు కూర్చుని, సాయంత్రం పూట వేణువు ఊదుకుంటూ ఇంటికి పోతుంటాడు. పద్యం అంతే, నాలుగు పాదాలు. దాన్ని తెలుగులో పెట్టి మా ఊరి తెలుగు సంఘం ఉగాది సావనీర్‌కి ఇచ్చిన పాపానికి పోయినేడాది నా తల ప్రాణం తోకకి వచ్చింది.

చైనా పద్యాలతో నీకేం పని అని మా ఆయన అప్పుడే అడిగాడు. పనేమీ లేదు. ఆఫీసులో నా పక్క సీటు ఆవిడది చైనా. వాళ్ల కిరాణా షాపులో కొత్త సంవత్సరానికి ఉచితంగా ఇచ్చిన క్యాలెండర్ ఒకటి తెచ్చి గోడకి తగిలించింది. నెలకో బొమ్మ, బొమ్మ పక్కన నిలువుగా ఒక పాత పద్యం. ఆ ఏడాది బొమ్మలన్నీ పిల్లలవే. ఒకడు గాలిపటం ఎగరేస్తుంటాడు, ఒకడు ఏటి ఒడ్డున గాలం వేసుకుని కూర్చుంటాడు, ఇద్దరు తామర కొలనులో పడవ మీద ఏదో దొంగపని చేస్తుంటారు. లంచ్ బాక్స్ మూత తీస్తూ ఏం రాసుంది అని అడిగాను. ఆవిడ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి ఇంగ్లీషులో అర్థం చెప్పింది. అది వింటుంటే అన్నం చల్లారిపోయింది. ఆ తరవాత నెల మారినప్పుడల్లా మా భోజనం ఆ క్యాలెండర్ ముందే.

అందులో నన్ను పట్టుకున్నది ఏమిటో చెప్పాలి, లేకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. ఆ పద్యాల్లో పిల్లలకి పేర్లుండవు. ఎవరి పిల్లలో తెలియదు. కవి ఎక్కడో దారిన పోతుంటాడు, పిల్లలు కనిపిస్తారు, చూస్తాడు. పిలవడు. నీ పేరేంటి, ఏ క్లాసు చదువుతున్నావు అని అడగడు. పద్యం అయిపోయేసరికి పిల్లలు వాళ్ల ఆటలో వాళ్లుంటారు, కవి తన దారిన తను పోతాడు. మన పద్యాల్లో చూడండి. పిల్లలు ఉంటే దేవుళ్లై ఉంటారు, లేకపోతే చేతులు కట్టుకుని నీతి వినేవాళ్లై ఉంటారు. వట్టి పిల్లాడు, ఎవరికీ ఏమీ కాని పిల్లాడు, నేను చదువుకున్న తెలుగు వాచకాల్లో నాకు తగల్లేదు. నా చదువు తక్కువేమో, ఒప్పుకుంటాను.

పద్యంలో సాయంత్రమని ఉన్నా సరే, అవన్నీ నిజానికి ఏ వేళప్పుడు జరుగుతాయో నాకు తెలుసు. నా చిన్నప్పుడు మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దవాళ్లంతా నడుం వాల్చేవాళ్లు. ఫ్యాను శబ్దం తప్ప ఏమీ వినపడేది కాదు. ఆ గంటలో మేం ఏం చేస్తున్నామో లోకంలో ఎవరికీ తెలియదు. ఆదివారం పొద్దున చర్చిలో అందరి ముందూ నిలబడి కంఠత పట్టిన బైబిల్ వాక్యం అప్పజెప్పిన పిల్లనే, మధ్యాహ్నం గోడ పక్కన కూర్చుని చీమలదారికి అడ్డంగా పుల్లలు పెట్టేదాన్ని. రెండో పిల్లని ఎవరూ ఎరగరు. అందుకే ఆ పిల్లంటే నాకు ఇష్టం.

ఇక్కడ టెక్సాస్‌లో, మా ప్లేనోలో ఆ గంట లేదు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. స్కూలు, స్విమ్మింగ్, మ్యాథ్ క్లాసు, పియానో, శనివారం తెలుగు బడి, ఆదివారం ఇర్వింగ్‌లో మా తెలుగు చర్చి. అన్నిటికీ కారులో నేనే దింపాలి, నేనే ఎక్కించుకోవాలి. ఇంకో పిల్లతో ఆడుకోవాలన్నా ఇద్దరు తల్లులం మెసేజులు పెట్టుకుని టైమ్ కుదుర్చుకోవాలి. తెలుగు బడి నుంచి వచ్చిన ప్రతిసారీ దాని మొహం మందు మింగినట్టు ఉంటుంది. తెలుగంటే దానికి ఎవరో ఒకరి ముందు నిలబడి అప్పజెప్పేది, అంతే. ఇంటికెవరైనా వస్తే "ఆంటీకి ఒక పద్యం చెప్పమ్మా" అంటాం కదా, అదీ తెలుగు. నేను కోరుకున్నది పెద్దదేమీ కాదు. తెలుగులో ఏదో ఒక్కటి, ఒకే ఒక్కటి, అది తనంతట తాను ఇష్టపడాలి. ఎవరూ అడక్కుండా.

గేదె పద్యం తెలుగులో పెట్టింది దానికోసమే. మ్యాథ్ క్లాసు నుంచి వస్తూ హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, ఏమీ చెప్పకుండా, నాలో నేను అనుకుంటున్నట్టు చదివాను.

వెనక సీట్లోంచి, "అమ్మా, ఆ బాయ్ ఎవరు?" అంది.

"ఎవరూ కాదు."

"మీన్స్, వాడికి నేమ్ లేదా?"

"లేదు."

"వాడి మామ్ ఎక్కడ ఉంది?"

"పద్యంలో లేదు."

"సో, వాడిని ఎవరూ పికప్ చేయరా?"

"గేదె ఉందిగా. అదే తీసుకుపోతుంది."

"లక్కీ," అంది. తరవాత, "మళ్లీ చెప్పు," అంది.

దాని నోట "మళ్లీ చెప్పు" అన్న మాట తెలుగు విషయంలో నేను వినడం అదే మొదలు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముందు కారు కదిలినా చూసుకోలేదు, వెనకవాడు హారన్ కొట్టాడు. వారం తిరక్కుండా మొత్తం నోటికి వచ్చేసింది దానికి. నేర్పలేదు. స్నానం చేస్తూ, షూ లేసులు కట్టుకుంటూ దాని అమెరికా యాసలో అనుకునేది. నేను పక్క గదిలో ఊపిరి బిగబట్టి వినేదాన్ని.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. సావనీర్‌కి పిల్లల పేజీ ఖాళీగా ఉందని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. పంపించాను.

రెండ్రోజులకి సావనీర్ చూసే ఆయన ఫోన్ చేశాడు. పగలంతా లాస్ కొలీనాస్‌లో ఒక కంపెనీలో ప్రోగ్రామ్ మేనేజర్, రాత్రయితే ఎడిటర్. మంచివాడు, ఎవరికి కష్టమొచ్చినా ముందుంటాడు. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడం ఇంకా కష్టం.

"మేడం, మీ పోయెమ్ మస్తుంది. కానీ ఎండింగ్ ఏది?"

"అదేనండీ ఎండింగ్. వేణువు వినిపిస్తూ ఉంటుంది, పిల్లాడు కనపడడు."

"అది సరే. పిల్లలకి మెసేజ్ ఏం పోతది?"

"మెసేజ్ లేదండీ."

"మెసేజ్ లేకుంటే పేరెంట్స్ అడుగుతరు మేడం. ఇంకోటి, ఆ గేదె తీసేద్దాం. గేదె మీద అంటే యముడు యాదికొస్తడు. ఉగాది పూట బాగుండదు. ఆవు పెడదాం."

"చైనాలో ఆ వైపు గేదెలేనండీ. బొమ్మలో కూడా గేదే ఉంది."

"మన దగ్గర ఎవరికి తెలుస్తది మేడం?"

నాకు తెలుస్తుంది అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వులో ఎంత మర్యాద ఉందంటే, నా మాట గోడకి చెప్పినట్టే అయిందని ఫోన్ పెట్టేశాక గానీ తెలియలేదు.

ప్రూఫ్ వచ్చింది. తెరిచి చూద్దును కదా, పేజీ నిండా నీలం రంగు. నెమలి పింఛం, పసుపు పచ్చ పట్టుబట్ట, వెనక తెల్లని ఆవు. నా గేదె మీది పిల్లాడు చిన్నికృష్ణుడైపోయాడు. ఆలోచిస్తే వాళ్లది తప్పనడానికి లేదు. పశువు, వేణువు, సాయంత్రం అని తెలుగువాడికి చెబితే ఇంకెవరు గుర్తొస్తారు? కింద కొత్తగా రెండు పాదాలు కూడా ఉన్నాయి. "పెద్దల మాట విందాము, బుద్ధిగ ఇంటికి పోదాము." దాని కింద నా పేరు.

నాకు ఒళ్లు మండిపోయింది. కృష్ణుడంటే నాకు పేచీ ఏమీ లేదు. మా వీధిలో చిన్నప్పుడు ఉట్టి కొట్టే రోజు ముందు వరసలో నిలబడి నీళ్లు పోయించుకున్నదాన్నే. నా బాధ వేరే. ఆ పిల్లాడు ఎవరూ కాకపోవడమే కదా పద్యం. దేవుణ్ణి చేశాక ఇక వాణ్ణి ఒంటరిగా ఎవరు వదిలేస్తారు? అందరూ చూస్తారు, అందరూ ఎత్తుకుంటారు, హారతిస్తారు. పాపం, ఇంటికెప్పుడు పోతాడు?

ఈ మాటే మా చర్చిలో పాస్టరమ్మ గారితో చెప్పుకున్నాను, కాస్త ఓదార్పు దొరుకుతుందని. ఆవిడ ఫోన్‌లో నా నాలుగు పాదాలు కళ్లజోడు సవరించుకుని చదివారు. మొహం విప్పారింది.

"ఎంత బాగుందమ్మా! ఇది మన సండే స్కూల్ పిల్లల చేత చెప్పిద్దాం. ఆ గేదె ఎందుకు గానీ, గొర్రెలు అని పెట్టెయ్యమ్మా. వేణువు బదులు సితారా అను. దావీదు చిన్నప్పుడు గొర్రెలు కాస్తూ, సితారా వాయిస్తూ ఇలాగే కదమ్మా తిరిగింది?"

"దావీదు కాదండీ. ఎవరో పిల్లాడు."

"ఎవరో పిల్లాడేమిటమ్మా? చివర ఒక బైబిల్ వాక్యం కలిపితే సరిపోద్ది."

అటు వెళితే ఆవు, ఇటు వెళితే గొర్రెలు. నా గేదె మాత్రం ఎవరికీ అక్కర్లేదు. ఇంటికొచ్చి మా ఆయన ముందు కూర్చుని అరగంట అరిచాను. ఆయన తింటున్న ప్లేటులోంచి తలెత్తి, "రేపు మనకేదైనా అయితే వచ్చేది వీళ్లే కదా. రెండు లైన్ల కోసం గొడవెందుకు, వదిలెయ్," అన్నాడు. అప్పుడు ఇంకో సంగతి కూడా బయటపడింది. మా అమ్మాయికి ఈ పద్యం నోటికి వచ్చని ఎడిటర్ గారికి ఎప్పుడో ఆయనే చెప్పాడట. ఉగాది ప్రోగ్రాంలో స్టేజి మీద చెప్పించండి అని వాళ్లు గ్రూపులో అడిగితే బొటనవేలు బొమ్మ పెట్టేశాడు. మా అమ్మాయి వెనక ఎల్ఈడీ తెర మీద కృష్ణుడి బొమ్మ వేస్తారట.

పక్క సీటు ఆవిడైనా నా కష్టం అర్థం చేసుకుంటుందనుకున్నాను. మర్నాడు లంచ్‌లో ప్రూఫ్ చూపించాను. ఆవిడ నెమలి పింఛం చూసి చాలాసేపు నవ్వింది. ఆ తరవాత చెప్పిన మాటలకి నాకు నవ్వు రాలేదు. ఈ పద్యాలు తనకి చిన్నప్పుడు అసలు నచ్చేవి కావట. స్కూల్లో వరసగా నిలబెట్టి అప్పజెప్పించేవారట. ఒక్క అక్షరం తప్పితే అరచేతి మీద స్కేలు దెబ్బ. పరీక్షలో ప్రతి పద్యం కిందా ఒకే ప్రశ్న: దీనివల్ల మనం ఏం నేర్చుకున్నాం? పల్లె జీవితాన్ని ప్రేమించాలి, కష్టపడి పనిచేయాలి, ఏదో ఒకటి రాసేవాళ్లట. బయట ఎండలో నిజం పిల్లలు ఆడుకునే వేళకి, తను గదిలో కూర్చుని పద్యంలో పిల్లలు ఆడుకున్న సంగతి బట్టీ పట్టేదట. పైగా ఆ పాత కవుల్లో, కొడుకులు చదువుకోవడానికి కాగితం, రాసే కుంచె ముట్టుకోవడం లేదని తల బాదుకున్నవాళ్లూ ఉన్నారట.

"మీరు వాటిని ఇంత ఇష్టపడుతుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది," అంది ఇంగ్లీషులో. "మీ చేత ఎవరూ అప్పజెప్పించలేదు కాబట్టి అనుకుంటా."

అంటే అంత దూరాన, అన్ని వందల ఏళ్లుగా, అదే పని జరుగుతోందన్నమాట. ఆ మాట విన్న రోజు నాకు ఏ పనీ తోచలేదు.

ఎడిటర్ గారికి ఇంకోసారి ఫోన్ చేశాను. నా పేరైనా తీసేయమన్నాను. "అయ్యో, అట్లెట్ల మేడం, క్రెడిట్ మీదే," అన్నాడు. ప్రింటుకి పోయిందన్నాడు. ఆ కొత్త రెండు పాదాలు మా అమ్మాయికి నేనే నేర్పాల్సి వచ్చింది. అది ఏమీ అడగలేదు. స్పెల్లింగ్ టెస్టుకి చదివినట్టు చదివింది. కానీ ఆ తరవాత స్నానం చేస్తూ ఆ పద్యం అనుకోవడం మానేసింది. నేను పక్క గదిలో చెవులు రిక్కించుకుని వింటూనే ఉన్నాను, నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఉగాది ప్రోగ్రాం ఒక హైస్కూల్ ఆడిటోరియంలో పెట్టారు. పట్టుచీరలు, పులిహోర వాసన, మైకు టెస్టింగ్. పిల్లల ఐటమ్స్ అనుకున్నదానికంటే బాగా ఆలస్యంగా నడుస్తున్నాయి. మా అమ్మాయి వంతు దగ్గరికొచ్చేసరికి అది గ్రీన్ రూమ్‌లో లేదు. బాత్రూముల్లో లేదు. పులిహోర క్యూలో లేదు. మైకులో దాని పేరు పిలవడం మొదలుపెట్టారు. పక్క తలుపు తోసుకుని బయటికి పరిగెత్తాను.

స్కూలు వెనక పార్కింగ్ లాట్ దాటితే వాన నీళ్లు నిలవడానికి తవ్విన గుంట ఒకటి ఉంది. దాని చుట్టూ తడి గడ్డిలో పెద్ద రొయ్యల్లా ఉండే క్రాఫిష్‌లు బురద ఉండలు పేర్చి చిన్న చిన్న గొట్టాలు కడతాయి, ఇక్కడ వసంతకాలంలో ఎక్కడపడితే అక్కడ కనిపిస్తాయి. మా అమ్మాయి ఒక గొట్టం పక్కన గొంతుకూర్చుంది. పట్టులంగా అంచు బురదలో ఉంది. చేతిలో పొడుగాటి గడ్డిపరక. దాన్ని మెల్లగా గొట్టంలోకి దింపుతోంది. కాస్త ఆగుతోంది, మళ్లీ దింపుతోంది. పెదవులు కదులుతున్నాయి. దగ్గరికెళితే గానీ వినపడలేదు. పద్యం. నాలుగే పాదాలు. నాలుగోది అయ్యాక ఆగి, మళ్లీ మొదటికి వస్తోంది. కింద ఉన్నదానికి చెబుతోందో, తనలో తను అనుకుంటోందో నాకు తెలియదు.

నాకు కావలసింది ఇదే కదా. ఇన్నాళ్లూ నేను అందరితో కొట్లాడింది దీనికోసమే కదా. ఇక్కడ ఆవు లేదు, నెమలి పింఛం లేదు, ఎవరో ఒక పిల్ల ఉంది. లోపల మైకులో దాన్ని పిలుస్తున్నా నేను కదలలేదు. ఇలాంటిది మళ్లీ దొరకదు అనుకున్నాను. ఫోన్ తీశాను.

అది తలెత్తి చూసింది. నన్ను కాదు, ఫోన్‌ని. వెంటనే లేచి నిలబడింది. గడ్డిపరక పడేసింది. లంగా సర్దుకుని, జడ ముందుకు వేసుకుని, నవ్వింది. ఫోటోలకి నవ్వే నవ్వు.

"అమ్మా, నా టర్న్ వచ్చిందా?"

స్టేజి మీద బాగా చెప్పింది. ఆరు పాదాలూ చెప్పింది. పెద్దల మాట విందాము అన్నప్పుడు, ఎవరు నేర్పారో, చేతులు జోడించింది. వెనక తెర మీద కృష్ణుడు మెరిశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎడిటర్ గారు నా దగ్గరికొచ్చి, "చూసిండ్రా మేడం, ఎండింగ్ ఎంత సెట్టయిందో," అన్నాడు. తల ఊపాను. ఇంకేం చేయను?

మా ఆయన కుర్చీలు సర్దడానికి ఉండిపోతే నేనూ అదీ ముందు బయల్దేరాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక సీట్లోంచి అది మాట్లాడింది.

"అమ్మా, ఆ లాస్ట్ టూ లైన్స్ నాకు నచ్చలేదు."

"ఎందుకు?"

"ఆ బాయ్ మనతో మాట్లాడడు కదా. వాడు మనల్ని చూడడు కూడా. జస్ట్ గోస్ హోమ్."

అంత పెద్ద సంఘంలో, అంత పెద్ద చర్చిలో, ఆఫీసులో నాతో కలిసి భోజనం చేసే మనిషి దగ్గర కూడా నాకు దొరకని మాట అది. తొమ్మిదేళ్ల పిల్ల, తెలుగు సరిగ్గా రాని పిల్ల, ఆ పద్యం ఏమిటో చెప్పేసింది. సంతోషం పట్టలేకపోయాను. అద్దంలోంచి దాన్ని చూస్తూ అన్నాను.

"మా బంగారం! ఇంటికెళ్లాక ఆ నాలుగు లైన్లే ఒకసారి చెప్పమ్మా. రికార్డ్ చేస్తాను."

అది మొహం కిటికీ వైపు తిప్పుకుంది.